ఆతే చేతి పోల్వొరోన్

పోయిన గురువారం మధ్యాహ్నం మక్రోనా, అంటే పాస్తా, మీద పొయ్యడానికి తెల్ల సాసు చేస్తూ, వెన్నలో మైదా వేయిస్తున్నాను. ఈ ఇంట్లో పద్ధెనిమిదేళ్ళుగా వంట చేస్తున్నదాన్ని కాబట్టి ఆ సాసు నాకు కళ్ళు మూసుకున్నా వచ్చేస్తుంది. ఆ రోజు నిజంగానే కళ్ళు మూసుకున్నట్టున్నాను. మైదా వేగేటప్పుడు పచ్చివాసన పోయి, అప్పుడే విప్పిన బిస్కెట్ల పొట్లం వాసన మొదలయ్యే క్షణం ఒకటుంటుంది. సరిగ్గా అక్కడ నా గరిటె ఆగిపోయింది. ఇంటిపనికి కొత్తగా చేరిన నేపాలీ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని "ఆంటీ, ఆంటీ, జల్ గయా!" అని కుదిపేదాకా నేను ఈ వంటింట్లో లేను. మాడిన సాసు పారబోసి మళ్ళీ మొదలుపెట్టాం. పొగలో దగ్గుతూనే ఆ పిల్ల నవ్వుతూ "కౌన్ యాద్ ఆయా?" అని అడిగింది. ఎవరు గుర్తొచ్చారని. అక్క, అన్నాను. ఆవిడ నా తోడబుట్టింది కాదు, మా ఊరిది కాదు, మా దేశానిది కూడా కాదు. అయినా అబద్ధమాడానని అనిపించలేదు.

ఫిలిప్పీన్స్ వాళ్ళ తగాలోగ్ భాషలో అక్కని ఆతే అంటారు. ఈ ఇంటి మూడో పిల్ల పుట్టినప్పుడు ఆయాగా వచ్చింది మా ఆతే. మనిషి నా భుజం దాకా ఉండేది, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. వచ్చిన వారంలోనే నన్ను అడిగి మన భాషలో చిన్నదాన్ని ఏమంటారో తెలుసుకుని, ఇక జీతాల రోజైనా జ్వరాల రోజైనా నన్ను "చెల్లీ" అనే పిలిచింది. మేమిద్దరం మాట్లాడుకున్న భాషకి పేరు లేదు. సగం ఇంగ్లీషు, పావు అరబ్బీ, మిగతాది నేను అలవాటు చేసిన తెలుగూ ఆవిడ అలవాటు చేసిన తగాలోగూ. ఇక్కడ ఆవిడ మాటలన్నీ తెలుగులో రాస్తున్నానంటే అది నా గొప్ప కాదు, అవి నాకు చాలాకాలంగా తెలుగులోనే వినిపిస్తున్నాయి.

మా ఇల్లు ఖతర్‌లోని అల్ షహానియాలో. దోహా వాళ్ళకిది ఒంటెల ఊరు. పొద్దున్నే రంగురంగుల దుప్పట్లు కప్పుకుని పందాల మైదానానికి వరసగా నడిచిపోయే ఒంటెలు, వాటి వెనక సైకిళ్ళ మీద సూడాన్ వాళ్ళు, మన ఉపఖండం వాళ్ళు. వంటింటి వెనక మా గది. రెండు మంచాలు, ఒక కిటికీ. కిటికీలోంచి ప్రహరీ గోడా, గోడ మీదుగా ఒంటెల పాక రేకులూ కనిపిస్తాయి. ఆ గదిలో ఆవిడ మంచానికీ గోడకీ మధ్య ఏడాదిలో ఎనిమిది నెలలు ఒక అట్టపెట్టె నిలబడి ఉండేది. నడుమెత్తు పెట్టె. వాళ్ళ వాళ్ళంతా ఇంటికి ఓడలో అలాంటి పెట్టెలు పంపుతారు. మనం ఊరెళ్ళేటప్పుడు విమానం వాడి కిలోలకి భయపడి చీర తీసి పెట్టి, పెట్టి తీస్తాం కదా, ఆ పెట్టెకి బరువుతో పని లేదు. మూత పడితే చాలు. అందుకని వాళ్ళు గాలికి కూడా చోటివ్వరు. బూట్లలో మేజోళ్ళు, మేజోళ్ళలో సబ్బులు, సబ్బుల సందులో జడ పిన్నులు. మాంసం డబ్బాలు, షాంపూలు, తువ్వాళ్ళు, చాక్లెట్లు. ఆవిడ ఆ పెట్టె సర్దడం చూస్తే నాకు మా ఊరి శాఖా గ్రంథాలయం గుర్తొచ్చేది. అక్కడా ఒక్క బీరువాలో నాలుగు బీరువాల పుస్తకాలు ఇరికించి ఉండేవి. ఏడో తరగతిలో బడి మానేశాక నేను చదువుకున్నదంతా ఆ బీరువాలోదే. గ్రంథాలయం మాస్టారు నాకు వరసేం కాకపోయినా, నేను గది ఊడుస్తానని ఒప్పుకుంటే, చందా లేకుండా పుస్తకాలు ఇచ్చేవారు. ప్రపంచ పటంలో ఫిలిప్పీన్స్ ఎక్కడుందో ఆవిడ ఇక్కడికి రాకముందే నాకు తెలుసని ఆతేకి మొదటిరోజే చెప్పాను. "తెలిసినదానివి ఒక్కసారైనా రాకపోయావా, నీళ్ళు తాగి వెళ్ళేదానివి," అంది.

పెట్టెలో అన్నిటికీ పైన, ఆఖర్న పెట్టేది ఒక బిస్కెట్ల రేకు డబ్బా. దాన్నిండా పోల్వొరోన్. పొయ్యి మీద మైదా ఒక్కటే వేగుతుంది, తర్వాత కాల్చడం గానీ ఉడికించడం గానీ లేని మిఠాయి అది. వేయించిన మైదాలో పాలపొడీ పంచదార పొడీ కలిపి, కరిగిన వెన్న పోసి, అచ్చులో నొక్కి తియ్యడమే. అచ్చంటే మన జంతికల గొట్టానికి చిట్టి చెల్లెలు. కోడిగుడ్డు ఆకారంలో చిన్న రేకు గిన్నె, వెనక స్ప్రింగు పిడి. పిండి కూరి, బల్ల మీద అదిమి, పిడి నొక్కితే బిళ్ళ ఊడిపడుతుంది. దాన్ని పల్చటి రంగు కాగితంలో చుట్టి రెండు కొసలూ మెలిపెడతారు. చెప్పడానికి ఇంతే. మొదటిసారి చూసినప్పుడు నేను పెదవి విరిచాను. మాది పశ్చిమ గోదావరి. మినప సున్నుండలు తిని పెరిగినదానికి మైదాపిండి ఉండల్ని చూసి ఏం గౌరవం కలుగుతుంది? నోట్లో వేసుకున్నాక గానీ నోరు మూతపడలేదు. మూతపడిందంటే నిజంగానే మూతపడింది. అది కరగదు, నమలబడదు, కాసేపు నోరంతా పొడి దూదిలా నిండిపోయి, తర్వాత ఎప్పుడో పాల తీపై జారుతుంది. ఆ కాసేపూ మనిషి మాట్లాడలేడు.

మాట్లాడలేకపోవడమే దాని సరదా అని ఆవిడ చెప్పింది. వాళ్ళ పిల్లలు బిళ్ళంతా ఒక్కసారే నోట్లో కుక్కుకుని ఈల వెయ్యాలని పందెం కడతారు. ఈల రాదు, తుపుక్కున పొడి ఎగురుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆతేకి ఒక్కతే కూతురు. పిల్లకి రెండేళ్ళప్పుడు తన తల్లి దగ్గర వదిలి ఇక్కడికొచ్చింది. భర్త అంతకుముందే వేరే ఊళ్ళో వేరే ఇల్లు చూసుకున్నాడు. రెండేళ్ళకోసారి నెల రోజులు వెళ్ళి వచ్చేది. మిగతా క్రిస్మసులన్నీ ఫోన్లోనే. ఆ రోజు తల్లీ కూతురూ ఫోను గోడకానించుకుని, అక్కడొక బిళ్ళ ఇక్కడొక బిళ్ళ ఒకేసారి నోట్లో పెట్టుకుని, ఎవరు ముందు ఈల వేస్తారా అని బుగ్గలు ఉబ్బించేవారు. ఇక్కడ ఉంచుకునేది ఆ ఒక్క బిళ్ళే. అది కూడా ఆ రోజు దాకా ఆవిడ రుచి చూసేది కాదు. రుచి చూస్తే పందెం చెల్లదట. ప్రతిసారీ పిల్లే గెలిచేది. ఆడపిల్ల ఈల వేస్తే మా నాయనమ్మ మూతి మీద వేలితో కొట్టేదని నేను చెబితే, "అయితే మీ నాయనమ్మకి రెండు పంపుదాం, ఇక వేలు లేవదు," అంది.

నేను చెప్పబోయే ఏడు ఆ పిల్లకి పన్నెండు. అప్పటికి ఒకట్రెండేళ్ళుగా ఫోన్లో పిల్ల మాట తగ్గుతూ వచ్చింది. తిన్నావా అంటే తిన్నా, చదివావా అంటే చదివా. అటువైపు అమ్మమ్మ తోస్తే మాట్లాడుతున్నట్టుండేది. ఒకసారి వాళ్ళింటికొచ్చిన ఎవరో అమ్మ ఏదని అడిగితే, పిల్ల "మార్కెట్‌కి వెళ్ళింది" అందట, అమ్మమ్మని తల్చుకుని. అమ్మమ్మ నవ్వుతాలకి ఫోన్లో చెప్పింది. ఆతే కూడా నవ్వింది. ఫోను పెట్టేశాక చాలాసేపు అట్టపెట్టెలో సర్దినవి తీసి మళ్ళీ సర్దింది. నేను పుస్తకం చదువుతున్నట్టు కూర్చున్నాను. కాసేపటికి తనే అంది: "నా మొహం ఫోన్లో ఉంటుంది చెల్లీ. గొంతూ ఫోన్లోదే. బట్టలు, బూట్లు దుకాణం వాడివి. దానికి నా చేతినుంచి వెళ్ళేది ఆ డబ్బా ఒక్కటే. మూత తియ్యగానే నేను వచ్చినట్టుంటుందని చిన్నప్పుడు అనేది."

ఆ ఏడు పెట్టె పంపాల్సిన వారంలోనే ఆవిడ జారిపడింది. ముంగిట్లో గచ్చు కడుగుతూ, సబ్బునీళ్ళ మీద. కుడి మణికట్టు విరిగి, ఆరు వారాల కట్టు. అక్టోబరు నెల. ఓడ రెండు నెలలకి పైగా తీసుకుంటుంది కాబట్టి ఆ శనివారం దాటితే పెట్టె క్రిస్మసుకి అందదు. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం, కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుని, "నువ్వు చెయ్యి," అంది నాతో.

"నేను చేస్తే నా చేతి రుచి వస్తుంది కదా ఆతే. చెయ్యి బాగాలేదని పిల్లతో చెప్పెయ్యి. పెద్దదయిందిగా, అర్థం చేసుకుంటుంది."

"అర్థం చేసుకుంటుంది. సరే మామీ, ఫరవాలేదు మామీ అంటుంది. ఈ ఏడు ఫరవాలేదంటే వచ్చే ఏడు కూడా ఫరవాలేదు. నాకు ఫరవాలేదనిపించుకోవాలని లేదు. నేను చేసినట్టే చెయ్యి. దానికి తెలియకూడదు."

కట్టు కట్టినన్నాళ్ళూ కూతురికి ఆ చెయ్యి కనపడనివ్వలేదు. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని, కుడిచెయ్యి దిండు కింద పెట్టుకుని మాట్లాడేది.

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాం. ఆవిడ స్టూలు మీద కూర్చుని చెబుతుంది, నేను చేస్తాను. చెప్పడమంటే అరవడమే. "స్లో, స్లో! పిండిని కొడుతున్నావెందుకు, అది నీకేం చేసింది?" నా చెయ్యి సున్నుండల చెయ్యి. మినప్పప్పు ఎర్రగా, దోరగా వేగి వీధిలోకి వాసన వెళితే గానీ పొయ్యి కట్టడం తెలియదు. ఆవిడకి కావలసింది ఎరుపు కాదు, గ్రంథాలయంలో పాత పుస్తకం పేజీ రంగు. నేను ఆ పోలిక చెప్పగానే, "హా, అదే! బాగా చదివిన పేజీ కాదు, ఎవరూ ముట్టుకోని పేజీ," అంది. మొదటి వాయి ఎర్రబడిపోయింది. అదంతా గిన్నెలో వేసి డ్రైవర్ భాయికి ఇచ్చాను.

భాయిది నిజామాబాద్. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళయింది. నెలకో శుక్రవారం నన్ను దోహా పెద్ద లైబ్రరీ దగ్గర దింపి, బయట కార్లో నిద్రపోయేవాడు. వంటింటి మెట్టు మీద కూర్చుని ఆ పొడి రెండు గుప్పిళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు తేలేసి చేత్తో నీళ్ళు నీళ్ళు అని సైగ చేశాడు. తాగాక, "ఏందక్కా గిది, సిమెంటా? మనిషి పాణం పోయేతట్టున్నది," అన్నాడు. ఆతే ఒక్క ముక్క అర్థంకాకపోయినా పగలబడి నవ్వి, కట్టు చెయ్యి నొప్పి చేసి ఏడుపు మొహం పెట్టింది.

రెండో వాయి రంగు కుదిరింది. ఆతే పొడి మీద వేళ్ళు పెట్టి, మెత్తదనం చూసి తలూపింది. ఇంతలో ముసలి యజమానురాలు, మేము మామా అని పిలిచే ఆవిడ, లోపల్నుంచి పిలిచింది. చిన్నపిల్లకి ఒళ్ళు వెచ్చబడిందట. ఆతే ఒంటిచేత్తోనే పరిగెత్తింది. నేను పంచదార పొడి చేసి, పాలపొడి కలిపి, వెన్న కరిగించి పోశాను. ఆవిడ తిరిగొచ్చేసరికి నొక్కడం మొదలుపెట్టాను. ఆవిడ ఎడమ చేత్తో ఒక్కొక్క బిళ్ళా ఎత్తి, అంచు చూసి, బల్ల మీద పరిచిన గులాబీ రంగు, పసుపు రంగు కాగితాల్లో చుట్టింది. కొసలు మెలిపెట్టడానికి పళ్ళు సాయం చేసుకుంది. "నా చేతిలానే ఉంది," అంది. పోల్వొరోన్‌ని చూసే అంది గానీ నాకు ఆ రోజంతా ఏదో పతకం ఇచ్చినట్టనిపించింది. ఒకటి పందెం కోసం పక్కనపెట్టి, మిగతావి డబ్బాలో సర్ది మూతకి చుట్టూ టేపు వేశాం. విరిగిన ముక్కలు ఓ పళ్ళెంలో ఉంచాను. శనివారం పొద్దున్న భాయి పెట్టెని కారెక్కించుకుని, దోహాలో ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అవతల సందులో ఉన్న కార్గో వాళ్ళకి ఇచ్చి వచ్చాడు.

వచ్చి అలవాటుగా మెట్టు మీద కూర్చుంటే ఆ ముక్కల పళ్ళెం ఇచ్చాను. ఈసారి తెలివిగా చిటికెడు చిటికెడు తింటున్నాడు.

"ఇది మంచిగైంది అక్కా. ఇలాచీ మంచిగ పడ్డది. నిన్నటి దాంట్ల ఇలాచీ లేకుండె గదా?"

చేతిలో గిన్నె పక్కన పెట్టాను. నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. యాలకులే. ఎప్పుడు వేశానని వెతుక్కోనక్కర్లేదు. పంచదార మిక్సీలో వేసేటప్పుడు నాలుగు యాలక్కాయలు ఒలిచి గింజలు అందులో పడెయ్యడం మా ఇళ్ళలో చేతికి అలవాటు. మనసుతో సంబంధం లేదు. మా అమ్మ అలానే చేసేది, నేనూ అలానే చేస్తాను, గింజలు మెత్తగా నలిగి ఆ పొడిలో కలిసిపోయాయి. మరి వాసన రాలేదా అని మీరు అడగొచ్చు. ఖతర్ ఇళ్ళలో వంటిల్లంటేనే యాలకుల వాసన. మామా తాగే యాలకుల కాఫీ, గహ్వా, పొద్దున్నుంచి పొయ్యి మీద ఉంటుంది, గోడలకీ తెరలకీ మా జుట్టుకీ ఆ వాసనే. యాలకుల్ని దాచడానికి ఇంతకంటే మంచి చోటు ప్రపంచంలో ఉండదు. దాచాలని నేను అనుకోలేదు, అంతే.

"పెట్టె వెనక్కి తేగలవా భాయ్?"

"మాఫీ అక్కా, ఇగ రాదు. నంబర్ పడ్డది, గోదాంల పోయింది. రేపు కంటైనర్ ఎక్కుతది."

"ఆతేకి చెప్పకు."

"నేనెందుకు చెప్తా? ఇరవై ఏండ్ల సంది మా అమ్మ నేను దుబాయ్‌ల ఉన్న అని ఊరంత చెప్తది. ఎన్నడన్న సరిజేసిన్నా?"

ఆ రెండు నెలలు నేను పడ్డ అవస్థ ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు రాలేదు. ఆతే రోజూ ఓడ ఎక్కడిదాకా వెళ్ళి ఉంటుందో అడిగేది, భూగోళం నా శాఖ కాబట్టి. శ్రీలంక దాటింది, సింగపూర్ దగ్గర ఉంటుంది అని చెప్పేదాన్ని, నాలుక మీద యాలకులు పెట్టుకుని. నిజం చెప్పెయ్యాలని ఎన్నిసార్లో నోరు తెరిచాను. చెబితే ఏమవుతుంది? పెట్టె ఆగదు. ఆవిడకి మిగిలిన రెండు నెలల ఆశ ఆగిపోతుంది. ఆ నెల లైబ్రరీకి వెళ్ళినప్పుడు నవలల వైపు కూడా చూడకుండా వంటల చరిత్రలున్న అరల దగ్గర కూర్చున్నాను. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో ఒకరు ఈ మిఠాయిలో యాలకులు వేసి ఉంటారని, ఆ పేజీ దొరికితే నా తప్పు తప్పు కాకుండా పోతుందని. ఆ పేజీ దొరకలేదు. ఇంకేదో దొరికింది. ఈ మిఠాయి స్పెయిన్ నుంచి ఫిలిప్పీన్స్‌కి వెళ్ళిందట, అంతకుముందు స్పెయిన్‌కి అరబ్బుల దగ్గర్నుంచి వెళ్ళి ఉంటుందని కొందరు అంటారట. చదవగానే నాకు ఒళ్ళు పులకరించింది. అరబ్బుల ఇంట్లోంచి బయల్దేరిన మిఠాయి భూమి చుట్టూ తిరిగి అరబ్బుల వంటింట్లోకే వచ్చింది, మధ్యలో ఒక గోదారిజిల్లా మనిషి అందులో యాలకులు పడేసింది! గదికొచ్చి యాలకుల సంగతి ఒక్కటీ మింగి మిగతాదంతా ఆతేకి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అప్పటికి కట్టు విప్పేశారు. ఆవిడ సబ్బు నురగలో వేళ్ళు ముడుస్తూ చాస్తూ వింది.

"పుస్తకంలో ఎవరిదైనా కానీ చెల్లీ, మా పిల్ల నోట్లో నాది," అంది.

నేను రాత్రి వంట చూడటానికి లేచాను.

క్రిస్మసు రోజు మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోంచేసి పడుకున్నారు. ఇక్కడ మూడంటే అక్కడ రాత్రి ఎనిమిది. ఆతే ఎర్ర చొక్కా వేసుకుని, పెదాలకి రంగు వేసుకుని, ఫోనుని నా లావు నిఘంటువుకి ఆనించింది. నన్ను పక్కన కూర్చోమంది. నేను ఫోనుకి కనపడకుండా నా మంచం అంచున కూర్చున్నాను, ఏ క్షణమైనా లేచి పారిపోవచ్చన్నట్టు. తెర మీద పిల్ల కనిపించింది. పొడుగైంది, తల్లిలాంటి గడ్డం. వెనక డబ్బా మూత తీసి ఉంది. ఏవో నాలుగు పొడి మాటలయ్యాక, వాళ్ళ భాషలో ఒకటి, రెండు, మూడు అనుకుని ఇద్దరూ బిళ్ళలు నోట్లో కుక్కుకున్నారు.

నేను ఆతే మొహమే చూస్తున్నాను. బుగ్గలు ఉబ్బాయి, పెదాలు ఈలకి సున్నా చుట్టబోయి ఆగాయి. కళ్ళు పెద్దవయ్యాయి. మెల్లగా నా వైపు తిరిగింది. అడగడానికి నోరు లేదు. తెరమీద పిల్ల కూడా ఈల వెయ్యడం లేదు. కదలకుండా కూర్చుని నోట్లో ఉన్నదాన్ని చూస్తున్నట్టు కళ్ళు కిందికి దించింది. పోల్వొరోన్ కరగడానికి ఎంతసేపు పడుతుందో ఆ రోజు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు.

ముందు పిల్ల మింగింది. నీళ్ళు తాగింది. ఫోను దగ్గరికి జరిగి, మెల్లగా ఏదో అడిగింది. పిల్ల మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు పెరిగింది. మూడోసారి అడిగినప్పుడు ఏడుపు కలిసింది. ఆతే నోట్లో పొడి ఉండగానే ఏడ్చేసింది, ఎర్ర చొక్కా అంతా తెల్లగా దుమ్ము పడింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి ఫోను ముందు పెట్టి, మణికట్టు ఇటూ అటూ తిప్పి చూపించింది. అటువైపు పిల్ల తెర మీదకి చెయ్యి చాపింది. నాకు ఆ భాష అంతగా రాదు, ఆ చెయ్యి మాత్రం అర్థమైంది. నేను లేచి బయటికి వచ్చి వంటింటి మెట్టు మీద కూర్చున్నాను. ముప్పావుగంట వాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. అంతకుముందు ఎప్పుడూ పది నిమిషాలు దాటినట్టు నాకు గుర్తులేదు.

తిట్లకి సిద్ధపడే ఉన్నాను. ఆతే వచ్చి నా పక్కన కూర్చుంది. ముక్కు ఎర్రగా ఉంది.

"యాలకులు," అంది.

"అవును."

"ఎన్ని?"

"నాలుగు. కావాలని కాదు ఆతే, పంచదారతో పాటు చెయ్యి వేసేసింది. పెట్టె వెళ్ళాక తెలిసింది."

"రెండు నెలలు నాకు సింగపూర్ చెప్పావు." నా వీపు మీద ఎడమ చేత్తో ఒకటి గట్టిగా చరిచింది. తర్వాత ముక్కు తుడుచుకుని చెప్పింది. "పిల్ల ఏమడిగిందో తెలుసా? రుచి మారిందని అనలేదు. మామీ, ఇది నువ్వు చెయ్యలేదు, నీకేమైంది అని అడిగింది. నీకేమైంది, నీకేమైంది అని మూడుసార్లు. పదేళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు చెల్లీ. అందరినీ నేనే అడుగుతాను."

నేను బాగా చేసి ఉంటే ఆ పిల్ల హాయిగా ఈల వేసి ఫోను పెట్టేసి ఉండేది. ఈ మాట మేమిద్దరం అప్పుడు పైకి అనుకోలేదు. ఆ తర్వాత మాత్రం వారానికి మూడుసార్లు పిల్లే ఫోను చేసేది. "చెయ్యి ఎలా ఉంది?" అన్నదాంతో మొదలయ్యేది. చెయ్యి ఎప్పుడో బాగైపోయినా సరే ఆతే "ఇంకా కొంచెం లాగుతోంది," అనేది, నన్ను చూసి కన్ను కొట్టి.

రెండేళ్ళ తర్వాత ఆవిడ పూర్తిగా వెళ్ళిపోయింది. చిన్నపిల్ల పెద్దదైంది, ఇంటికి ఆయా అక్కర్లేకపోయింది. విమానాశ్రయానికి భాయితో పాటు నేనూ వెళ్ళాను. "యల్లా, వెళ్తున్నా చెల్లీ," అని చెయ్యి ఊపి లోపలికి నడిచింది, పొట్టి మనిషి కదా, నాలుగడుగుల్లోనే జనంలో కనపడకుండా పోయింది. ఇప్పుడు ఫోనులో పలకరించుకుంటాం. పిల్లకి కాలేజీ. ఆవిడ మంచం మీద నలుగురు మనుషులు మారారు, ఇప్పుడు నేపాలీ అమ్మాయి పడుకుంటోంది, మంచి పిల్ల. అయినా మంచానికీ గోడకీ మధ్య ఏమీ లేకుండా ఉన్న ఆ మూరెడు చోటుని ఊడ్చేటప్పుడు, పెట్టె అక్కడే ఉన్నట్టు చీపురుని పక్కనుంచి తిప్పుతాను.

ఇంకొక్క మాట రాయాలి, అది రాయకపోతే ఇంతసేపు చెప్పింది అబద్ధమవుతుంది. తణుకు దగ్గర మా పెద్దక్క ఉంది, నన్ను ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఊరినుంచి ఎవరు దోహా వస్తున్నా ఆవిడ నాకు సున్నుండలు పంపేది. అక్క చేతి సున్నుండలంటే నాకు ప్రాణమని ఆతేకి ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాను, పెట్టాను కూడా. ఆతే వెళ్ళిపోయిన మరుసటి ఏడు సెలవుకి ఊరెళితే, అక్క వేళ్ళు వంకరపోయి ఉన్నాయి, కీళ్ళవాతం. ముద్ద కలుపుకోవడానికి కూడా కష్టపడుతోంది. ఎప్పట్నుంచి అంటే రెండేళ్ళు దాటిందంది. ఆ రెండేళ్ళూ నాకు వచ్చిన డబ్బాలు అక్క కోడలు చేసినవి. "నీకు తెలిసిపోతుందేమోనని భయపడ్డాం పిన్నీ, నువ్వేమో బాగున్నాయని ఫోను చేశావు," అని కోడలు నవ్వింది. అక్క కూడా నవ్వింది, వేళ్ళు కొంగులో దాచుకుంటూ. నేను డబ్బాలకి డబ్బాలు తిన్నాను, ఒక్కసారి కూడా అక్కా నీకేమైందని అడగలేదు. ఆ ద్వీపంలో పిల్లకి పదేళ్ళు గడిచినా అమ్మ చెయ్యి గుర్తుంది. అంతకు రెట్టింపు ఏళ్ళు అక్క చేతి తిండి తిన్న నాకు, ఏ నెలలో ఆ చెయ్యి ఆగిపోయిందో ఈ రోజుకీ తెలియదు.